సెలైన్ అయిపోయింది సిస్టర్!

రాత్రి రెండు దాటింది. మెడికల్ వార్డులో నాన్న మంచం పక్కన చాప మీద పడుకున్నవాణ్ణి ఎందుకో ఉలిక్కిపడి లేచాను. సెలైన్ సీసా ఖాళీ. పైపులోకి ఎర్రగా రక్తం ఎక్కుతోంది. సీసా అయిపోతే గాలి లోపలికి పోయి ప్రాణం పోతుందని చిన్నప్పటి నుంచీ విన్నమాట. చెప్పులు కూడా వేసుకోకుండా నర్సుల టేబుల్ దగ్గరికి పరుగెత్తాను. "సిస్టర్, సెలైన్ అయిపోయింది, రక్తం వచ్చేస్తోంది!" ఆవిడ రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు. "వస్తున్నా, మీరు వెళ్ళండి" అన్నారు. వచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. వచ్చి, పైపుకున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి, సిరంజితో ఏదో ఎక్కించి, "ఏం కాదు" అని వెళ్ళిపోయారు.

ఆ ఆరు నిమిషాల గురించి ఆవిడ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది.

మా పిన్ని కూతురు స్టాఫ్ నర్సు. ఈ సంగతి చెబితే నవ్వింది. "సీసా ఖాళీ అయినంత మాత్రాన గాలి పోదన్నయ్యా. పైపులో నీళ్ళు దిగుతూ దిగుతూ, నరంలో రక్తం తోపు ఎంతుందో ఆ మట్టం దగ్గర ఆగిపోతాయి. పెదనాన్న చెయ్యి కదిపి ఉంటాడు, రక్తం వెనక్కొచ్చింది. మా భయం వేరే. అలాగే వదిలేస్తే నరంలో పెట్టిన సన్న గొట్టం, క్యాన్యులాలో గడ్డకడుతుంది, మళ్ళీ గుచ్చాలి. ఆ వయసులో నరాలు దొరకవు." కాసేపాగి అడిగింది: "ఆవిడ అంతసేపు ఏం రాస్తోందో చూశావా?" నేను చూడలేదు.

నాకది చావుబతుకుల సమస్య. ఆవిడకి ఆ రాత్రి చేయాల్సిన పనుల్లో ఏడోదో ఎనిమిదోదో. ఇద్దరి లెక్కా తప్పు కాదు. కానీ నా భయం ఏమిటో ఆవిడకి తెలియదు, ఆవిడ లెక్క ఏమిటో నాకు తెలియదు. "ఏం కాదు" అన్న మాటతో ఆ రెండిటి మధ్య తలుపు మూసుకుంది. ఎందుకు కాదో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నేను ఆ రాత్రంతా సీసా వంక చూస్తూ కూర్చునేవాణ్ణి కాదు.

రోగిని చూసుకునే పనికి మన భాషలో ఉన్న పాత మాట శుశ్రూష. సంస్కృతంలో 'శ్రు' అంటే వినడం. శుశ్రూష అంటే మొదట వినాలన్న కోరిక. వినడం నుంచి చెప్పినమాట వినడానికి, అక్కడి నుంచి సేవకి అర్థం జరుగుతూ వచ్చింది. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలు చెబుతుంది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలు. పరిచారకుడికి ఉండాల్సినవి ఉపచారం తెలియడం, నేర్పు, రోగి మీద అనురాగం, శుచి. బాగానే ఉంది, ఊహించదగ్గవే. రోగి గుణాల్లో మాత్రం ఒకటి నన్ను ఆపేసింది: జ్ఞాపకత్వం. గుర్తుంచుకోవడం అని కాదు, ఆ గుణానికి 'స్మృతి' అని వేరే పేరు పెట్టారు. జ్ఞాపకత్వం అంటే తన బాధను ఎదుటివారికి తెలియజెప్పగలగడం. చెప్పడం కూడా రోగికి ఉండాల్సిన ఒక నేర్పే అని అంత పాతకాలంలోనే గుర్తించారన్నమాట.

ఒకరు చెప్పాలి, ఒకరికి వినాలనిపించాలి. పేషెంట్లు "ఆ సిస్టర్ చాలా మంచిది" అన్నప్పుడు ఎందుకని అడిగి చూడండి. "నొప్పి లేకుండా సూది వేస్తుంది" అన్న వెంటనే "మాట్లాడుతుంది" అనే మాట వస్తుంది. నర్సుల్ని అడిగినా, ఏ డ్యూటీ తృప్తిగా అనిపించిందంటే ఎవరితోనో కాసేపు మంచం దగ్గర నిలబడగలిగిన డ్యూటీ గురించే చెబుతారు. రెండు వైపులా కావాలనుకుంటున్నది ఒకటే అయినప్పుడు ఎందుకు కుదరడం లేదు? సిస్టర్ల నోరు మంచిది కాదనో, పేషెంట్లకు ఓపిక లేదనో తేల్చేయడం తేలిక. నేనూ చాలాకాలం అదే చేశాను.

ముందు ఆ రాత్రి లెక్క చూద్దాం. నాన్న ఉన్న వార్డులో 36 మంచాలు, నైట్ డ్యూటీలో ఇద్దరు నర్సులు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటలు, అంటే ఇద్దరికీ కలిపి 1440 నిమిషాలు. మంచానికి 40 నిమిషాలు. చెల్లెల్ని కూర్చోబెట్టి ఖర్చు వేయించాను. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కలిపి, నెమ్మదిగా ఎక్కించి, సంతకం పెట్టడానికి ఎనిమిది నిమిషాలు, అలా రెండుసార్లు. నాలుగు గంటలకోసారి బీపీ, జ్వరం, పల్స్, ఆక్సిజన్ చూడటానికి నాలుగేసి నిమిషాలు, మూడుసార్లు. సెలైన్ మార్చడానికి నాలుగు. కేస్ షీట్ రాయడానికి ఆరు. మొత్తం 38. మిగిలేవి రెండు నిమిషాలు. అందులోనే ఆవిడ నీళ్ళు తాగాలి, బాత్రూంకి వెళ్ళాలి. ఆ రాత్రి ఒక కొత్త అడ్మిషన్ వచ్చినా, ఎవరికైనా గుండె ఆగినా ఆ రెండు నిమిషాలూ పోయినట్టే. ఇది ఉజ్జాయింపు లెక్కే, అందరికీ అన్ని ఇంజెక్షన్లూ ఉండవు. అయినా దారి తెలుస్తుంది.

కాగితం మీద సంఖ్యలు వేరు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఈ సంఖ్య మర్యాదకీ మాటతీరుకీ సంబంధించిందే అనుకోకండి. అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగుల వివరాలు చూసి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్క పేషెంటు పెరిగినప్పుడల్లా, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఏ వార్డులో ఒక్కో నర్సుకి గరిష్ఠంగా ఎంతమంది పేషెంట్లుండాలో చట్టమే నిర్ణయిస్తోంది. మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీదే 2016లో సుప్రీంకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000కి తగ్గకూడదని ఆ తర్వాత వేసిన కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు సంగతి ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా సిస్టర్‌ని అడిగితే నవ్వే జవాబు.

అయితే నర్సుల సంఖ్య పెంచితే అన్నీ సర్దుకుంటాయా అంటే, అక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

1950ల చివర్లో లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి తన నర్సింగ్ విభాగాన్ని పరిశీలించమని ఇసాబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలిని పిలిచింది. శిక్షణలో చేరిన అమ్మాయిల్లో మూడో వంతు మంది మధ్యలోనే వెళ్ళిపోతున్నారు. ఎందుకు? ఆమెకు కనిపించింది ఇది: అక్కడ ఒక నర్సుకి ఫలానా నలుగురు రోగుల్ని చూసుకోమని అప్పగించరు. వార్డులో అందరికీ జ్వరం చూడు అని ఒకరికి, అందరి పక్కలూ సర్దు అని ఇంకొకరికి పంచుతారు. రోగుల్ని కూడా పేరుతో పిలవరు, 'పదో నంబరు మంచం లివర్' అంటారు. పని తొందరగా అవడానికే ఇలా చేస్తున్నారని పైకి అనిపిస్తుంది. మెంజీస్ మాత్రం ఇదంతా భయాన్ని తట్టుకోవడానికి ఆసుపత్రి తనకి తెలియకుండానే కట్టుకున్న గోడ అంది. పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు రోజూ చావుని, కుళ్ళిన పుళ్ళని, ఏడ్చే బంధువుల్ని చూస్తున్నారు. ఒక మనిషికి దగ్గరైతే ఆ మనిషి పోయినప్పుడు తట్టుకోలేరు. అందుకని దగ్గరవడానికి వీల్లేకుండా పనినే ముక్కలు చేసేశారు. తమాషా ఏంటంటే ఆ గోడ భయాన్ని ఆపలేదు, పనిలో ఉన్న తృప్తిని మాత్రం ఆపేసింది. పిల్లలు వెళ్ళిపోవడం మానలేదు.

మన వార్డుల్లో "పద్నాలుగు డిశ్చార్జి, పదిహేడు స్కానింగ్‌కి పంపాలి" అని వినిపించినప్పుడల్లా నాకు ఈ లండన్ సంగతి గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ మాట వింటే అప్పటంత కోపం రాదు.

గోడ రెండో వైపు నుంచి కూడా కడతారు. బ్రిటన్‌లో ఫెలిసిటీ స్టాక్‌వెల్ 1972లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వార్డులో నర్సులకు ఎవరంటే ఇష్టం, ఎవరంటే కష్టం అన్నది దాని విషయం. నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాళ్ళు, నర్సుల పేర్లు గుర్తుంచుకుని పిలిచేవాళ్ళు, తగ్గిపోవాలని పట్టుదల చూపేవాళ్ళు అంటే ఇష్టం. సణిగేవాళ్ళు, వాళ్ళకి మంచం ఎందుకిచ్చారో అనిపించేవాళ్ళు అంటే కష్టం. ఇందులో కొత్తేముంది అంటారా? ఈ సంగతి పేషెంట్లకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే మంచి పేషెంటుగా కనిపించాలని తాపత్రయపడతారు. మా నాన్న ఒక రాత్రి రెండు గంటలపాటు గుండెలో మంటని ఓర్చుకుంటూ పడుకున్నాడు. ఎందుకు పిలవలేదు నాన్నా అంటే, "పాపం ఆ పిల్ల ఇప్పుడే కదరా కూర్చుంది" అన్నాడు. అందులో జాలి ఉంది, మళ్ళీ పిలిస్తే విసుక్కుంటుందేమోనన్న భయమూ ఉంది. ఆ రాత్రి మంట ఎసిడిటీయే అయింది కాబట్టి సరిపోయింది. కానీ గుండెపోటు కూడా కొందరిలో మంటలాగే మొదలవుతుంది. ఓర్చుకునే పేషెంటుతో వచ్చే ప్రమాదం అది, చార్టులో "నిద్రపోతున్నారు" అని పడుతుంది.

చెప్పడానికి నోరు తెరిచినా దారిలో ఎంతో కారిపోతుంది. తెలుగులో నొప్పి అన్నది ఒకటి కాదు. పంటికైతే పోటు. పుండైతే సలుపు. కాళ్ళకి తీపులు, గుంజుళ్ళు. కడుపులో నులిమేస్తుంది, మెలిపెడుతుంది. నడుం పట్టేస్తుంది. గుండెలో కలుక్కుమంటుంది. షుగరున్న పెద్దావిడ అరికాళ్ళు "చీమలు పాకుతున్నట్టు, నిప్పుల మీద నడిచినట్టు" ఉన్నాయంటుంది. కేస్ షీట్ మీదకి వెళ్ళేసరికి ఇవన్నీ ఇంగ్లీషులో ఒక్క 'పెయిన్' అయిపోతాయి. కాస్త పెద్దాసుపత్రి అయితే సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు. మా మేనత్తని ఒక సిస్టర్ అలా అడిగితే, "పదికి పదీ మీకేనమ్మా, నాకొద్దు" అంది. నవ్వులాటకి కాదు, నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి. నంబరు వల్ల ఉపయోగం ఉంది, మందు వేశాక ఎనిమిది నాలుగైందా అని పోల్చుకోవచ్చు. కానీ చీమలు, నిప్పులు, కరెంటు షాకు అన్న మాటల్లో నంబరులో లేని సమాచారం ఉంది. అది నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే బాధ అయి ఉండొచ్చు. దానికి మామూలు నొప్పిబిళ్ళ పెద్దగా పనిచేయదు, వేరే రకం మందులు కావాలి. ఆ మాట విన్న నర్సు డాక్టర్‌కి చెబితే మందు మారుతుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కేరళ నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చిన పిల్లలు నెల తిరిగేసరికి "అమ్మా, నొప్పి ఉందా? ఎక్కడ?" అని నేర్చేసుకుంటారు. మెచ్చుకోవాలి. 'సలుపు' దాకా రావడానికి ఇంకాస్త కాలం పడుతుంది.

ఇక తాకడం గురించి. అరవై దాటిన రైతుకి మూత్రం గొట్టం వేయాలి. వేయడానికి వచ్చింది ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆ అమ్మాయి తెర లాగి, "పెద్దాయనా, మీ మనవరాలి లాంటిదాన్ని, రెండు నిమిషాలు" అంది. ఈ వరసలు కలపడం ఊరికే మర్యాదకోసం పెట్టుకున్నది కాదు. పరాయి ఆడపిల్ల పరాయి మగవాడి ఒంటిని ముట్టుకోవాల్సిన చోట, సిస్టర్ అన్న పిలుపు ఆ ఇబ్బందిని దాటించే వంతెన. మగ నర్సులొచ్చాక వాళ్ళు అదే దారిలో బ్రదర్‌లయ్యారు. ఆ వంతెనకి మరో వైపు కూడా ఉంది. సిస్టర్ అంటూనే "ఏయ్ సిస్టర్, ఫ్యాన్ వెయ్" అనేవాళ్ళూ ఉన్నారు. పదకొండు రోజులు చాకిరీ చేయించుకుని పేరు అడగనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఈ చులకన ఇవాళ పుట్టలేదు. ఇతరుల రక్తం, చీము, మలమూత్రాలు ముట్టుకునే పనిని మైలగా చూసిన సమాజంలో, ఆ పనిని ముందుగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మిషన్ ఆసుపత్రుల్లో చదువుకున్న క్రైస్తవ ఆడపిల్లలు. వాళ్ళలో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టర్ ఆనా కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి లాంటివి తెలుగునాట ఆ దారి వేశాయి. సంబంధం మాట్లాడేటప్పుడు "నైట్ డ్యూటీలా?" అని పెదవి విరిచే అలవాటు, సినిమాల్లో నర్సు పాత్రని వెకిలిగా చూపించే అలవాటు ఇంకా పోలేదు. అదే అమ్మాయి గల్ఫ్‌కో, లండన్‌కో వెళ్తే మాత్రం ఊళ్ళో లెక్క మారిపోతుంది.

మన ఆసుపత్రుల ప్రత్యేకత ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పేషెంటుకి అన్నం తినిపించేది, ఒళ్ళు తుడిచేది, బాత్రూంకి తీసుకెళ్ళేది, రాత్రి కాళ్ళు పట్టేది ఇంటివాళ్ళు. మిగిలింది ఆయాలు, వార్డుబాయ్‌లు. నర్సు చేతికి మిగిలేది సూది, మాత్ర, రిజిస్టరు. అంటే ఒంటికి హాయినిచ్చే పనులన్నీ వేరేవాళ్ళకి పోయి, నొప్పి పెట్టే పనులు నర్సుకి మిగిలాయి. ఆవిడ మంచం దగ్గరికి వస్తోందంటే ఏదో గుచ్చబోతోందని అర్థం. 2020లో కోవిడ్ వార్డుల్లోకి ఇంటివాళ్ళని రానివ్వనప్పుడు ఈ అమరిక కొన్నాళ్ళు తలకిందులైంది. పీపీఈ కిట్ మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకున్న నర్సులే గంజి తాగించారు, ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో మనవళ్ళని చూపించారు. ఆ వార్డు నుంచి బయటపడ్డ మా ఎదురింటాయన ఇప్పటికీ "ఆ పిల్ల ముఖం చూడలేదు, కళ్ళు చూస్తే గుర్తుపడతాను" అంటాడు.

చావు గురించి మాట్లాడటానికి మా చెల్లెలికి ఇష్టం ఉండదు. ఒక్కసారే చెప్పింది. పైపులన్నీ తీయాలి, దవడ జారకుండా గుడ్డతో కట్టాలి, దూది పెట్టాలి, కళ్ళు మూయాలి, దుప్పటి సరిచేసి ఇంటివాళ్ళని పిలవాలి. గంటలో ఆ మంచం కడిగించి కొత్త పేషెంటుని ఎక్కించాలి, కొత్తవాళ్ళ ముందు ముఖం మామూలుగా ఉండాలి. "ఏడుపొస్తే ఎక్కడ ఏడుస్తావు?" అన్నాను. "స్టోర్ రూంలో. సెలైన్ పెట్టెల వెనకాల."

ఈ బంధం ఎంత దూరం వెళ్ళగలదో చూపించే సంఘటన ముంబైలో జరిగింది. కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబర్ 27న అక్కడి స్వీపర్ ఒకడు దాడి చేశాడు. మెదడు దెబ్బతిని మంచానికి అతుక్కుపోయిన ఆమెను అదే ఆసుపత్రి నర్సులు 2015 మే 18న చనిపోయేదాకా, 41 ఏళ్ళకు పైగా చూసుకున్నారు. తినిపించారు, పక్కకు తిప్పారు, కడిగారు. అన్నేళ్ళూ మంచంలో ఉన్నా ఒక్క పుండు పడనివ్వలేదన్న సంగతి సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. చేపల సూప్ పెడితే ముఖంలో ఇష్టం కనిపిస్తుందని ఆసుపత్రి వాళ్ళు కోర్టుకు చెప్పారు. ఆమెకు ఆహారం ఆపి విముక్తి కలిగించాలని జర్నలిస్టు పింకీ విరానీ వేసిన పిటిషన్‌ని 2011 మార్చి 7న కోర్టు తోసిపుచ్చింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఇన్నాళ్ళూ చూసుకున్న కేఈఎం సిబ్బందిదే అంది. అదే తీర్పు ఇతరుల విషయంలో కొన్ని షరతులతో పరోక్ష కారుణ్య మరణానికి, అంటే బతికించే చికిత్స ఆపి పోనివ్వడానికి, దారి తెరిచింది కూడా.

ఆ నర్సులంటే నాకు గౌరవం. అయినా ఒక చిక్కు ఉంది. చెప్పడం, వినడం అంటూ ఇంతసేపు మాట్లాడుకున్నాం. అరుణ ఏమీ చెప్పలేదు. ఆమె ముఖం మీద కనిపించిన కదలికను ఇష్టమని చదివింది నర్సులు, బాధ అని చదివింది విరానీ. అంత దగ్గరితనంలో మనకి కావలసిందే ఎదుటి ముఖంలో చదువుకునే ప్రమాదం ఉంటుంది. ఎవరిది సరైన చదువో చెప్పగల మనిషి ఆ గదిలో లేదు. కానీ ఒకటి మాత్రం జరిగింది: ఆమెను ఎరిగిన నర్సులు రిటైరైపోయారు, ఆమెపై దాడి జరిగే నాటికి పుట్టనివాళ్ళు డ్యూటీలో చేరారు, ఆమె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందుతూనే వచ్చింది.

చెల్లెలు డ్యూటీ దిగే సమయానికి ఒకసారి వాళ్ళ వార్డు బయట ఎదురుచూస్తున్నాను. పొద్దున ఎనిమిదైంది, హ్యాండోవర్ నడుస్తోంది. రాత్రి నర్సు, పగటి నర్సు మంచం మంచానికీ కలిసి తిరుగుతున్నారు. బీపీ ఇంత, యూరిన్ ఇంత, ఆరింటి డోసు అయింది, రక్తం శాంపిల్ పంపాలి. ఇవన్నీ చార్టులో ఉన్నవే. ఓ మంచం దగ్గర చెల్లెలు గొంతు తగ్గించింది. "ఈ మామ్మగారికి రాత్రంతా నిద్ర లేదు. నొప్పి వల్ల కాదు. కొడుకు వస్తానని రాలేదు. టిఫిన్ వద్దంటుంది, ఊరుకోకు, కాస్త అడిగితే తింటుంది." దానికి చార్టులో గడి లేదు. పగటి సిస్టర్ జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకున్నారు.